మా ఇంటి సాక్ష్యం

మా ఇంట్లో ఒకే ఒక్క సాక్ష్యం ఉండేది. అందరూ దాన్నే వాడుకున్నారు.

సాక్ష్యమంటే కోర్టులో చెప్పేది కాదు. మా బాప్టిస్టు సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ వచ్చాక, ఎవరికి వారు మనసు పడి, సంఘం ముందు నిలబడి, దేవుడు తమకు ఎలా తెలిశాడో సొంత నోటితో చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. విన్నవాళ్లు చేతులెత్తి సరేనంటే మర్నాడు ఏటికి తీసుకెళ్లి ముంచుతారు. ఆ తర్వాతే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి అర్హత.

మా తాత పేరు సత్యానందం. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక ఆమదాలవలసలో మా చర్చికి సంఘపెద్దగా ఉండేవాడు. ఆయన సాక్ష్యం చర్చిలో చిన్నాపెద్దా అందరికీ నోటికి వచ్చు. "భక్తిగల ఇంట పుట్టినప్పటికీ నేను లోకాశలకు లోబడి, చెడు స్నేహాలలో తిరిగి, తల్లిదండ్రుల కన్నీటికి కారణమయ్యాను. ఒకనాడు దేవుని వాక్యము నా చెవిని పడగా నా కఠిన హృదయము కరిగి, నన్ను నేను ప్రభువుకు అప్పగించుకున్నాను." ఆయన చెబుతుంటే గొంతు సరిగ్గా 'కన్నీటికి' దగ్గర వణికేది.

పెళ్లయి వచ్చిన కొత్తలో మా మామ్మ దేవమణి ఇదే సాక్ష్యం చెప్పి బాప్తిస్మం తీసుకుంది. మా నాన్న ఎలీషా పదమూడేళ్లప్పుడు ఇదే చెప్పాడు. అప్పటికి ఆయన తిరిగిన చెడు స్నేహాలు ఏవంటే, వీధి చివర గోళీలాడే ఇద్దరు కుర్రాళ్లు. మా కృపారాణి అత్త బడిలో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల. ఆవిడ కూడా సంఘం ముందు నిలబడి, తల్లిదండ్రుల కన్నీటికి కారణమయ్యానని ఒప్పుకుంది. అమ్మ మాత్రం బొబ్బిలిలో బాప్తిస్మం అయిపోయాకే మా ఇంటికి వచ్చింది కాబట్టి తప్పించుకుంది.

అబద్ధమాడుతున్నామని ఎవరూ అనుకోలేదు. తాత దగ్గరున్న వాటన్నిటిలోకీ మంచిది అదే. పెద్దవాడి చొక్కా కుదించి చిన్నవాడికి తొడిగినట్టు, ప్రేమగా దాన్ని ఒక్కొక్కళ్లకూ తొడిగాడు. 2013 వేసవిలో నా వంతు వచ్చింది. నాకు పన్నెండు నిండాయి, ఏడో తరగతి పరీక్షలు అయిపోయాయి.

మాది కలిసికట్టు ఇల్లు. ఎంత కలిసికట్టంటే, ఒకరి మాట ఇంకొకరు పూర్తి చేసేస్తారు. నేనేమో నిదానంగా ఆలోచించి మాట్లాడే రకం. ఎదురింటావిడ "మెర్సీ, అన్నం తిన్నావేటే?" అని నన్ను అడిగితే, నేను నోరు తెరిచేలోపు మామ్మ "తినేసింది" అనేది, నాన్న "ఆనపకాయ కూర" అనేవాడు, అత్త "సగం వదిలేసింది" అనేది. ఇక నాకు మిగిలేది తలూపడమే. ఎదురింటావిడ కూడా అలవాటుపడిపోయి, నన్ను అడిగి మామ్మ వైపు చూసేది.

చర్చిలో ఎడమ వైపు మూడో బెంచీ మాది. ఇంటిల్లిపాదీ ఒకే బెంచీ మీద కూర్చోవడం మా చర్చిలో మిషనరీ దొరల కాలం నుంచీ ఉన్న అలవాటు. నడవ పక్కన తాత, ఆయన పక్కన నేను, నా పక్కన మామ్మ, ఆ తర్వాత అమ్మ, అత్త, నాన్న. నెలలో మొదటి ఆదివారం సంఘంలో ఇంకో పెద్ద దాలయ్య గారు రొట్టె ముక్కల పళ్లెం తెచ్చి తాత చేతికిచ్చేవారు. తాత ఒక ముక్క తీసుకుని, పళ్లాన్ని నా తల మీంచి ఎత్తి మామ్మకు అందించేవాడు. నేను దాని అడుగు మాత్రమే చూసేదాన్ని. స్టీలు పళ్లెం. అడుగున దానమిచ్చిన వాళ్ల పేరు చెక్కి ఉండేది.

"ఈ యేడు మన బెంచీ నిండుతాది," అన్నాడు తాత ఆ ఏప్రిల్‌లో. ఆ మాట చర్చిలోనూ అన్నాడు, స్టేషను దగ్గర టీకొట్టులోనూ అన్నాడు. ఆ మధ్య ఆయనకు ఆయాసం ఎక్కువై శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో వారం ఉండి వచ్చాడు. సంఘపెద్ద పని ఈ ఏడుతో చాలించుకుంటానని కూడా చెప్పేశాడు. కాబట్టి నేను ఆ బెంచీ నింపడం ఇంట్లో అందరి ఆశ.

ఆ వేసవిలో మధ్యాహ్నం కాగానే కరెంటు పోయేది. ఇంట్లో ఉండలేక అందరం అరుగు మీదికి వచ్చేవాళ్లం. తాత విసనకర్రతో తాళం వేస్తూ నాకు సాక్ష్యం చెప్పించేవాడు. పక్కింటి యమున వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చునేది. వాళ్లు గుళ్లకు వెళ్లేవాళ్లు. యమునకు మా సంగతులన్నీ కొత్త, అన్నీ కావాలి. వారం తిరక్కుండానే నా సాక్ష్యం దానికి నాకంటే బాగా వచ్చేసింది.

ఒకరోజు నేను "చెడు స్నేహాలలో తిరిగి" అనగానే అది చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒలే, ఆగు. సెడు స్నేహాలేటి? నువ్వు నాతో తప్ప ఎవుల్తోనూ తిరగవు గదే!"

నేను ఆలోచిస్తున్నాను.

"అంటే నానేనేటి?" అంది యమున. దాని మొహం నిజంగానే చిన్నబోయింది.

"నువ్వు కాదమ్మా, అది ఊరికే అనే మాట," అంది మామ్మ.

"సాక్ష్యంలో అలాగే ఉంటాది," అన్నాడు నాన్న.

"నీ గురించి కాదులేవే," అంది అత్త.

"మరి ఎవుళ గురించి?" అంది యమున నన్నే చూస్తూ.

ఎవరి గురించీ కాదు. ఆ సంగతి నాకప్పుడే తట్టింది. అప్పటిదాకా ఆ మాటలను పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పానే తప్ప, వాటిలో 'నేను' అని ఉన్నచోట నేనుండాలని అనుకోలేదు. లోకాశలంటే ఏమిటి? నాకు ఏమేం ఆశలున్నాయి? యమునకున్నలాంటి గేరు సైకిలు కావాలని ఉండేది. అది లోకాశ అవుతుందా? అమ్మ నా మూలంగా ఎప్పుడైనా ఏడ్చిందా? నా దంతం పుచ్చి పీకించినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంది. అది లెక్కకొస్తుందా?

అప్పటినుంచి నాకు ఒకటే కుతూహలం పట్టుకుంది. ఇదే సాక్ష్యం చెప్పిన వీళ్లందరికీ అసలు ఏం జరిగి ఉంటుంది?

ముందు నాన్న దగ్గరకు వెళ్లాను. ఆయన రైసు మిల్లులో మెకానిక్కు. ఆదివారం సాయంత్రం పెరట్లో బండి చైను ఊడదీసి కిరసనాయిల్లో కడుగుతున్నాడు.

"నాన్నా, నీ కఠిన హృదయం ఏ రోజు కరిగింది?"

నాన్న ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నీకు సెప్తాను గానీ తాతకి సెప్పీకు. నాకు నీళ్లంటే బయ్యం. ముంచీసి, మరి లేపరేమోనని బయ్యం. ముంచేరు. ముక్కులోకి నీళ్లెల్లిపోయేయి. పైకి లేపేక, అమ్మయ్య బతికేనని ఒకటే ఏడుపు. గట్టు మీదున్నోళ్లందరూ 'ఎలీషాకి ఎంత మారుమనసొచ్చిందో సూడండి' అన్నారు. నాను కాదనలేదు."

"మరి వచ్చిందా?"

నాన్న చైను ఎత్తి పట్టుకుని, కారే చుక్కల్ని చూశాడు. "తరవాత వచ్చింది. నువ్వు పుట్టినప్పుడు. అది ఎవుళూ అడగనేదు."

ఎలా వచ్చిందని నేను అడిగేలోపే అమ్మ కాఫీకి పిలిచింది. కృపారాణి అత్తను మర్నాడు పట్టుకున్నాను. ఆవిడ శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సు. డ్యూటీకి వెళ్లే ముందు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది, కరెంటు ఉన్న కాసేపట్లోనే అయిపోవాలని హడావుడి.

"మా జట్టు ఆడపిల్లలందరూ తీసుకున్నారు, నానూ తీసుకున్నాను. ఇంకేటి," అంది. మడత మీద పెట్టె తిప్పుతూ ఆగింది. "అదేటో, ఒకోసారి పేషెంటు సెయ్యి పట్టుకున్నప్పుడు అనిపిస్తాది. ఇప్పుడడిగితే ఏటైనా సెప్పగలను. అప్పుడు పద్నాలుగేళ్లు, నాకేటి తెలుసు?"

మామ్మ దగ్గర మాత్రం పప్పులుడకలేదు. "మామ్మా, నీకు..." అనగానే "కూర మాడిపోతంది, అవతలకి పో," అంది. పొయ్యి మీద అసలు కూరే లేదు, నీళ్లు కాగుతున్నాయి.

మే రెండో ఆదివారం బాప్తిస్మం. ఆ వారం మొదట్లో ఒక పొద్దున తాత నన్ను నాగావళికి తీసుకెళ్లాడు. వేసవిలో ఏరు ఇసుక తేలి, పాయలుగా ఉంటుంది. మోకాలి లోతులో మనిషిని ముంచలేరు. అందుకని ముందే వెళ్లి లోతున్న మడుగు వెతికి, వెదురు కర్రలు పాతి గుర్తుపెట్టడం తాత పని. ఏటేటా ఆయనే చేసేవాడు. ఆయాసం ఉన్నా ఆ పని ఇంకొకరికి వదల్లేదు. "ఈ యేటికి నాను, వచ్చే యేటికి ఎవులో," అన్నాడు దారిలో. నాకు ఆ మాట నచ్చలేదు.

రైలు వంతెన దిగువన ఇసుకలో నడిచాం. తాత పంచె పైకి చెక్కుకుని కర్రతో నీళ్లు పొడుస్తూ ముందు, నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనక. వంతెన మీద పాసింజరు వెళ్లింది. ఆయన అలవాటుగా తలెత్తి, చేతి గడియారం చూసుకుని, "లేటు," అన్నాడు.

"తాతా, ఆ రోజు నువ్వు ఏటి తిన్నావు?"

"ఏ రోజే?"

"నీ కఠిన హృదయం కరిగిన రోజు."

తాత నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక, ఎవరూ అడగని ప్రశ్న అడిగినందుకో ఏమో, ఇసుకలో కూలబడి నిజంగానే ఆలోచించాడు.

"అంబలి. అంబలి, ఉల్లిపాయ. తాగి, సేతిలో రాయట్టుకుని ఎల్లేను."

"రాయెందుకు?"

"స్టేషను ఎనకాల మైదానంలో పందిరేసి సువార్త కూటం పెట్టేరు. మా అయ్య చర్చిలో గంట కొట్టీవోడు. నన్ను సిన్నప్పట్నుంచీ సెవట్టుకుని ఈడ్సుకెళ్లీవోడు. నాకు అదొక మంట. ఆ కూటంలో పెట్రోమాక్సు లైటు పగలగొట్టీసి, అంతా సీకటి సేసి పారిపోదారని నానూ, ఇంకో ఇద్దరూ ఎల్లేం."

"మరి కొట్టేవా?"

"నేదు." తాత నీళ్లవైపు చూశాడు. "ఆ లైటు కింద మా అయ్య నిలబడున్నాడే. వానాకాలం ముందు గదా, లైటుకి పురుగులు మూగతన్నాయి. వాక్యం సెప్పే ఆయన మీద పడకుండా మా అయ్య తువ్వాలట్టుకుని విసుర్తన్నాడు. ఎవుళూ సెయ్యమననేదు. ఎవుళూ సూడనేదు కూడాను. అలా విసుర్తానే ఉన్నాడు. నా సెయ్యి లేవనేదు. ఎనకాల కూకున్నాను. వాక్యం ఏటి సెప్పేరో ఒక్క ముక్క గేపకం నేదు. ఇంటికొచ్చీసరికి రాయి సేతిలోనే ఉన్నాది."

"ఏటి సేసేవు దాన్ని?"

"దిండు కింద ఎట్టుకున్నాను. సాన్నాళ్లు ఉండీది."

"మామ్మకి తెలుసా?"

"రాయి కత మామ్మకెందుకు?"

"మరి సాక్ష్యంలో రాయి లేదేటి తాతా?"

తాత నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూశాడు. "సాక్ష్యానికి ఒక పద్ధతున్నాదే పిల్లా. అందులో రాళ్లూ పురుగులూ ఎడతారేటి?"

కానీ నాకు కనబడింది ఆ రాయీ, ఆ పురుగులే. లోకాశలు ఎంత కళ్లు మూసుకున్నా కనబడలేదు. దువ్వెన పెట్టని జుట్టుతో, నా వయసుకంటే కాస్త పెద్ద కుర్రాడు చేతిలో రాయి పట్టుకుని చీకట్లో నిలబడి వాళ్ల నాన్నను చూడటం మాత్రం స్పష్టంగా కనబడింది. అంతకుముందు తాతను ఎంత ప్రేమించానో ఆ రోజు అంతకంటే ఎక్కువ ప్రేమించాను. దాంతోపాటే ఇంకొకటి కూడా తెలిసింది. తాతకు నిజంగా ఏదో జరిగింది. నాకు జరగలేదు.

"ఇలా రా, నిలబడు," అని తాత నన్ను మడుగులోకి దింపాడు. నీళ్లు నా నడుముదాకా వచ్చాయి. "సాలు. నిన్ను ముంచీది ఇక్కడే." నా పక్కనే కర్ర పాతాడు.

"తాతా, మరి నాకు..."

"బయ్యమా? నానుంటాను గదే, పక్కనే," అన్నాడు. నేను చెప్పబోయింది అది కాదు.

శనివారం సాయంత్రం చర్చిలో సాక్ష్యాలు. అమ్మ కుట్టించిన తెల్ల గౌను మర్నాటి కోసం ఇంట్లో మడతపెట్టి ఉంది. బాప్తిస్మం తీసుకునేవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరూ నాకంటే పెద్దవాళ్లు, వాళ్లు చెప్పేశారు. చేతులు లేచాయి. ఎప్పటిలాగే అందరికంటే ముందు లేచింది తాత చెయ్యి.

"మెర్సీ," అన్నారు మా పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు.

ముందుకెళ్లి నిలబడ్డాను. బెంచీ మీద అందరూ సర్దుకుని కూర్చున్నారు. "భక్తిగల ఇంట పుట్టినప్పటికీ నేను..." అన్నాను. అంతవరకు నిజమే. తర్వాతి ముక్క నోటిదాకా వచ్చి ఆగింది. తెరిచిన కిటికీ అవతల యమున నిలబడి ఉంది, ఊచలు పట్టుకుని. చెడు స్నేహాల దగ్గర నేనేమంటానో వినడానికే వచ్చినట్టుంది.

నేను మరిచిపోయాననుకున్నారు. మామ్మ పెదవులు కదిలాయి. అత్త పెదవులు కదిలాయి. నాన్న ఉండబట్టలేక "లోకాశలకు లోబడి," అని పైకే అందించాడు. తాత పెదవులు కూడా కదులుతున్నాయి. మూడో బెంచీ మొత్తం నా సాక్ష్యాన్ని నాకంటే ముందు చెప్పేస్తోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇది తాత సాక్ష్యం అయ్యగారూ," అన్నాను.

పెదవులు ఆగిపోయాయి.

"తాత సేతిలో రాయి ఉండీది. లైటు పగలగొడదామని తెచ్చుకున్నాడు. లైటు కింద వాళ్ల నాన్న పురుగులు తోల్తన్నాడు. అది సూసి కొట్టలేదు. రాయిని దిండు కింద పెట్టుకున్నాడు. అది నిజంగా అయింది. నాకు ఇంకా ఏదీ అవ్వలేదు. అయినప్పుడు సెప్తాను."

"రాయేటి?" అన్నారు దాలయ్య గారు వెనక్కి తిరిగి. చర్చిలో ఉన్నవాళ్లంతా మా తాత వైపు చూశారు. ఆ కథ మా మామ్మకే తెలియదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. చెప్పకూడనిది చెప్పేశాను.

అయ్యగారు కళ్లజోడు తీశారు. "ఆ సాక్ష్యం చెప్పమని నిన్ను ఎవరైనా బలవంతపెట్టారా అమ్మా?"

"నేదండి," అంది మామ్మ.

"లేదండి," అన్నాడు నాన్న.

అయ్యగారు వాళ్లవైపు చెయ్యి చూపి ఆపారు. "నేను మెర్సీని అడిగాను."

చర్చి మొత్తం నా కోసం కనిపెట్టుకుని ఉంది. నేను ఆలోచించుకోవడానికి ఎంత సేపు కావాలో అంత సేపూ ఎవరూ మాట్లాడలేదు. అంత సేపు నాకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.

"లేదండి. అందరూ ప్రేమగానే నేర్పేరు. నాదే ఇంకా రాలేదు."

"మంచిది. వచ్చినప్పుడు వింటాం. వెళ్లి కూర్చో," అన్నారు అయ్యగారు. చేతులెత్తమని అడగలేదు. నేను బెంచీలోకి వెళ్తుంటే తాత కాళ్లు పక్కకు జరిపి దారిచ్చాడు గానీ నావైపు చూడలేదు.

మర్నాడు తాత ఏటికి వెళ్లాడు. నేనూ వెళ్లాను, రావద్దని ఎవరూ అనలేదు కాబట్టి. తాను పాతిన కర్ర పక్కనే నీళ్లలో నిలబడి, ముంచి లేపిన ఇద్దరినీ చెయ్యిపట్టి గట్టుకు పంపాడు. మూడో మనిషి వస్తుందేమో అన్నట్టు ఇంకాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత కర్ర పీకి భుజాన వేసుకుని వచ్చేశాడు. గట్టు మీద నిలబడి నేను బాగా ఏడ్చాను. యమున నా చున్నీ కొసతో నా మొహం తుడిచి, "పోనీలేవే, నాను సెడు స్నేహం కాదని తేలిపోయింది గదా," అంది. అది ఊరడించడమో, దాని సంతోషం అది చూసుకోవడమో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో మాటలు సగంలో ఆగిపోయేవి. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేసేవాళ్లు కారు. అన్నం దగ్గర "పప్పు..." అని ఎవరైనా అంటే, వడ్డించమనో, ఉప్పు తక్కువైందనో వాళ్లే చెప్పుకోవాల్సి వచ్చేది. తాత నాతో మాట్లాడటం మానలేదు గానీ, చెప్పులెక్కడ, పేపరెక్కడ లాంటి మాటలే. నేను తప్పు చేశానా? ఆయన రాయిని నలుగురిలో పెట్టడం తప్పే. మిగతాది తప్పని ఎంత ప్రయత్నించినా అనిపించలేదు. రెండిటినీ విడదీయడం రాక సతమతమయ్యాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అలవాటుగా అందరం అరుగు మీద చేరాం. మామ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తాత విసనకర్ర ఆడించడం ఆపి, ఉన్నట్టుండి అడిగాడు.

"దేవమణీ, నువ్వెప్పుడైనా సెడు స్నేహాలు సేసేవేటి?"

మామ్మ చేట కింద పెట్టింది. "ఏటి మాటది, మనవరాలి ముందు!"

"మరి నా సాక్ష్యం నువ్వెందుకు సెప్పేవు?"

"నువ్వు సెప్పమన్నావు, సెప్పేను. కొత్త కోడల్ని, కాదంటానేటి?"

"నీకు ఏరే ఏదైనా ఉన్నాదా?"

నాన్న నోరు తెరవబోయాడు. అత్త ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. మామ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. బియ్యంలోంచి ఒక రాయి తీసి అవతల పారేసింది. చెప్పదేమో అనుకున్నాను.

"నాకు ఏడేళ్లప్పుడు మా యమ్మకి జబ్బు సేసి మిషనాసుపత్రిలో సేర్పించేరు," అంది చివరికి. "అమ్మ మంచం మీద, నాను మంచం కింద. నా తల ఎవుళు సూస్తారు? జడలు కట్టీసి, పేలు పడిపోయేయి. అక్కడొక నర్సమ్మ ఉండీది. డూటీ దిగేక ఇంటికెల్లకుండా నా దగ్గిర కూకుని తల దువ్వీది. రోజూ. కసరకుండా, నొప్పెట్టకుండా. మా యమ్మ పోయిన రోజు కూడా దువ్వింది. 'నువ్వెందుకు సేస్తన్నావు నాకు?' అని అడిగేను. 'నాకు ఒకాయన సేసేడు, నాను నీకు సేస్తన్నాను' అన్నాది. అప్పుడే అనుకున్నాను, ఆయనెవులో ఆయనే నాకు కావాలని."

"ఇన్నేళ్ల కాపరంలో ఎప్పుడూ సెప్పనేదేటి?" అన్నాడు తాత. ఆయన గొంతు సాక్ష్యంలో వణికినట్టు వణకలేదు. మామూలుగా, చిన్నగా ఉంది.

"నువ్వు అడగనేదు," అంది మామ్మ. కోపంగా అనలేదు. "నీది పెద్దది, ఇనడానికి బాగుంటాది. నాది దువ్విన కత. నలుగురిలో ఏటని సెప్తాను?"

తాత విసనకర్ర అటూ ఇటూ తిప్పాడు. అప్పుడు అడిగాడు చూడండి, నేను ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాను.

"ఆ దువ్వెన ఎలాటిది?"

"సెక్కది," అంది మామ్మ వెంటనే. "ఒక పక్క పళ్లు ఇరిగిపోయేయి. ఇరిగిన పక్క నాకు తగలకుండా తిప్పీది."

"ఊఁ," అన్నాడు తాత. ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. "మరి ఆ నర్సమ్మ పేరేటి?"

ఆ మధ్యాహ్నం కరెంటు వచ్చాక కూడా వాళ్లిద్దరూ లోపలికి రాలేదు. మామ్మ కూడా అడగాల్సింది అడిగింది, రాయి ఇప్పుడెక్కడుందని. పెళ్లికి ముందు ఇల్లు సున్నాలేసినప్పుడు ఎవరో పారేశారట. మామ్మ "అయ్యో" అంది, బంగారం పోయినంత బాధగా. నేను గడపలో కూర్చుని అంతా విన్నాను. ఆనందంగానే ఉంది గానీ, తాత ఆ అడగడమేదో నన్ను ఇంకా అడగలేదు. అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

జూన్ మొదటి ఆదివారం వచ్చింది. ఎండలు ఇంకా తగ్గలేదు. చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఎప్పటిలాగే తాత పక్కన నేను, నా పక్కన మామ్మ. బల్ల మీద తెల్లగుడ్డ తీశారు. పాట పాడుతుండగా దాలయ్య గారు పళ్లెం పట్టుకుని ఒక్కొక్క బెంచీ దగ్గరా ఆగుతూ వచ్చారు. మా బెంచీ నిండలేదని అందరికీ తెలుసు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని, నా మీంచి పళ్లెం వెళ్లిపోవడం కోసం ఎదురుచూశాను.

తాత తన ముక్క తీసుకున్నాడు. పళ్లెం పైకి లేవలేదు. నా ఎదురుగా, నా కళ్ల ఎత్తులో ఆగింది. మొదటిసారి దాన్ని పైనుంచి చూశాను. తెల్లటి రొట్టె ముక్కలు, చిన్నవి, ఎవరో ఓపిగ్గా ఒకే సైజులో కోసినవి.

"ఏటే?" అన్నాడు తాత. బల్ల దగ్గర ఎవరూ మాట్లాడరు. ఆయన మాట్లాడాడు. నాకేసి చూస్తూ, నా జవాబు కోసం ఆగాడు. దాలయ్య గారు కూడా ఆగారు. పక్కనున్న మామ్మ నోరు మెదపలేదు, అవతల నాన్నా మెదపలేదు.

నేను ఆలోచించుకున్నాను.

"ఇంకా నేదు తాతా."

"సరే," అన్నాడు. పళ్లాన్ని నా రెండు చేతుల్లో పెట్టాడు. "మామ్మకియ్యి."

పళ్లెం కొంచెం బరువుగానే ఉంది. ముక్కలు జారిపోకుండా జాగ్రత్తగా పట్టుకుని మామ్మ వైపు తిరిగాను.